వంటగట్టుకి ఏ రాయి? షాపులో స్లాబ్ తడిపి చూడండి

మా వైపు ఇల్లు కట్టుకునేవాళ్ళకి గోడలు లేచాక మొదటి తర్జనభర్జన వంటగట్టు రాయి గురించే. ఒంగోలు దగ్గర ఉంటాం కాబట్టి రాయి మాకు కొత్త కాదు, చీమకుర్తి రోడ్డెక్కితే చాలు, లారీకి ఒక్కటే బ్లాకు గొలుసులేసి కట్టి మెల్లగా పోతూ కనపడుతుంది. అయినా షాపుకెళ్ళగానే చాలామంది రంగు చూస్తారు, మెరుపు చూస్తారు, రేటు అడుగుతారు. నన్నడిగితే రంగు ఆఖర్న చూసుకోవాల్సింది. ఆ రాయి మీద ఏం పడబోతోంది, నీళ్ళా, నూనా, చింతపండు పులుసా, వేడి మూకుడు దించుతామా, తడికాళ్ళతో నడుస్తామా, ముందు ఇది తేల్చుకుంటే ఏ రాయి కావాలో దానంతటదే తేలిపోద్ది.

వంటగట్టుకి నా ఓటు నల్ల గ్రానైట్‌కే. మా చీమకుర్తి, రామతీర్థం క్వారీల్లో దొరికే బ్లాక్ గెలాక్సీ ఉంది కదా, నలుపులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. నిజానికి భూగర్భశాస్త్రం లెక్కలో అది గ్రానైటే కాదు, నోరైట్ అంటారు, గాబ్రో జాతి రాయి, షాపుల్లో గట్టిరాయి అన్నిటికీ గ్రానైట్ అనేదే పేరు. మనకి పనికొచ్చే సంగతి ఏంటంటే ఈ నల్లరాళ్ళు దట్టంగా ఉంటాయి, నీళ్ళూ నూనే లోపలికి పెద్దగా పీల్చవు, నిమ్మకాయ పిండినా పులుసు ఒలికినా తుడిస్తే పోద్ది. వరంగల్, ఖమ్మం వైపు నుంచి వచ్చే మచ్చల్లేని నలుపులో చాలామటుకు డోలరైట్, అదీ దాని చుట్టమే. రామప్ప గుడికి వెళ్ళినప్పుడు పైన మదనికల్ని (నాట్యం చేసే స్త్రీ శిల్పాలు) చూడండి, అవి చెక్కింది నల్ల డోలరైట్‌లోనే, 1213లో మొదలుపెట్టిన గుడి, ఇప్పటికీ ఆ నునుపు చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్ కూడా వంటింటికి మంచి రాయే, మరకలు కనపడవు. తెలుపు, లేత బూడిద రంగు రాళ్ళు మాత్రం పసుపూ నూనే ఎక్కువ వాడే మన వంటలకి కష్టం, సీలర్ (మరక లోపలికి పీల్చకుండా రాయికి పూసే మందు) కొట్టించుకుని, ఏది పడ్డా వెంటనే తుడుచుకునే ఓపిక ఉంటేనే వేయించుకోండి.

ఇక షాపులో ఏం చూడాలంటే, వెళ్ళేటప్పుడు ఒక నీళ్ళ సీసా, నిమ్మకాయ, తెల్లగుడ్డ, గోళ్ళరంగు తుడిచే రిమూవర్ (అసిటోన్ ఉన్నది) పట్టుకెళ్ళండి, ఎవరేమనుకున్నా పర్లేదు, డబ్బులు మనవి. స్లాబ్ మీద నీళ్ళు చల్లి తుడిచేయండి, అంతా ఆరిపోయాక కూడా ఒక సన్నటి గీత తడిగానే కనపడిందంటే అక్కడ పగులు ఉన్నట్టు. నీళ్ళు పడ్డచోట కొన్ని నిమిషాల్లోనే రంగు ముదిరితే ఆ రాయి పీలుస్తోందని అర్థం. రిమూవర్‌తో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దితే నలుపు గుడ్డకి అంటుకుందా, రంగేసిన రాయి, దండం పెట్టి వచ్చేయండి. నిమ్మరసం చుక్క వేసి కాసేపాగి తుడిస్తే మెరుపు పోయి మచ్చ పడిందంటే అది సున్నపురాయో మార్బులో అయ్యుంటుంది, పేరు ఏం చెప్పినా సరే. వెనక్కి తిప్పించి కూడా చూడండి, వల అంటించి ఉంటే ఎందుకు అంటించాల్సొచ్చిందో అడగండి, ఎక్కువగా పెళుసు రాళ్ళకే అది వేస్తారు.

ఇంకో మాట, గట్టు వెడల్పు మామూలుగా 2 అడుగులే కదా, దానికి గ్యాంగ్‌సా (వరసగా బిగించిన పెద్ద రంపాల మిషన్) మీద కోసిన పేద్ద స్లాబులు అక్కర్లేదు, 2, 3 అడుగుల వెడల్పుండే కట్టర్ స్లాబులు సరిపోతాయి, అదే రాయికి చదరపు అడుగు రేటు బాగా తగ్గుద్ది. కొలిచేటప్పుడు దగ్గరే ఉండండి, విరిగిన మూలలు కూడా కొలతలోకి వచ్చేస్తుంటాయి.

రాయి ఎంత మంచిదైనా బిగించేవాడి చేతిలోనే ఉంది అంతా. సింకుకి, పొయ్యికి రంధ్రం కోసేటప్పుడు మూలలు నిక్కచ్చిగా 90 డిగ్రీలు కోస్తే ఆ మూల దగ్గర్నుంచే పగులు పుడుతుంది, అందుకని మూలలు కొంచెం గుండ్రంగా తిప్పమని మేస్త్రికి ముందే చెప్పాలి. సింకు ముందు మిగిలే సన్న పట్టీ అన్నిటికంటే బలహీనం, దాని కింద ఖాళీ లేకుండా కడప బండో ఇంకేదన్నా ఆసరానో ఉండాల్సిందే. గట్టు అంచుకి అడుగువైపు చిన్న గాడి కొట్టించండి, నీళ్ళు కిందకి కారి అల్మారా తలుపులు ఉబ్బకుండా అక్కడే బొట్టుగా రాలిపోతాయి, ఎంత చిన్న పనో అంత పెద్ద లాభం. ఎత్తు విషయానికొస్తే 33, 34 అంగుళాలు అని అందరికీ ఒకటే పెట్టేస్తారు, కానీ రోజూ వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందకి కొలవండి, పైన పెట్టే పొయ్యి ఎత్తు కూడా లెక్కేసుకోవాలి. అత్తగారు పొట్టి కోడలు పొడుగు అయితే ఎక్కువ సేపు నిలబడేది ఎవరో వాళ్ళ కొలతే.

కోత గురించి ఒకటి చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ళల్లో కుర్రాళ్ళు ముఖానికి కర్చీఫ్ కట్టుకుని పొడి కోత కోస్తుంటారు, ఇల్లంతా తెల్లటి పొగలా దుమ్ము, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోయి సిలికోసిస్ వస్తుంది, వస్తే నయం చేసే మందు లేదు. కర్చీఫ్ దాన్ని ఆపదు. నీళ్ళు పోస్తూ కోయమనండి, పైపు మనమే పట్టుకుందాం, ఎన్95 మాస్కులు మనమే కొనిద్దాం, లక్షలు పెట్టి ఇల్లు కట్టే చోట అదెంత ఖర్చని.

ఈ మధ్య అందరూ మోజుపడే క్వార్ట్జ్ అంటే రాతిపొడిని రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురుతో కలిపి అచ్చుపోసింది, అందులో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. అది కోసే పనివాళ్ళు జబ్బునపడుతున్నారనే ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి ఇలాంటి తయారీ రాయిని నిషేధించారు, మెల్‌బోర్న్‌లో ఇల్లు కడుతున్న మన తెలుగువాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. పైగా రెజిన్‌కి వేడి పడదు, పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడిపోద్ది. పక్కన మంచి రాయి పెట్టుకుని మనకెందుకండీ అది?

కడప బండని మాత్రం చిన్నచూపు చూడొద్దు. వంటింటి అరలకి, అల్మారాలకి దానంత చవకగా గట్టిగా ఉండేది ఇంకోటి లేదు, చెద పట్టదు, తడికి ఉబ్బదు, ఉప్పు జాడీ పచ్చడి జాడీ ఎంత బరువైనా మోస్తుంది (అర నాలుగడుగులు దాటితే మధ్యలో ఆసరా పెట్టండి). కాకపోతే అది సున్నపురాయి, పులుపు పడితే పాలిపోతుంది, అందుకే గట్టు పైకి వద్దంటాను. బేతంచర్ల బండలు, తాండూరు నాపరాళ్ళు కూడా సున్నపురాళ్ళే, ఎండాకాలం కాళ్ళకి చల్లగా భలే ఉంటాయి, వరండాకి, వాకిలికి, కారు పెట్టే చోటికి కళ్ళు మూసుకుని వేయొచ్చు. వీటి మీద సిమెంటు మరకలు పోవడానికని యాసిడ్ పోస్తుంటారు, అస్సలు పోయనివ్వద్దు, తెల్లగా కొరికేస్తుంది, మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. మెట్లకీ బాత్రూముకీ అద్దంలా మెరిసే గ్రానైట్ వద్దు, ముసలివాళ్ళున్న ఇంట్లో అసలే వద్దు, లెదర్ ఫినిష్ (అద్దంలా మెరవకుండా కాస్త గరుగ్గా ఉండేది) తీసుకోండి, లేదా అంచున గీతలు కొట్టించండి.

చివరగా, సింకు కోసం కోసి తీసిన ముక్కకి కూడా మనం డబ్బు కట్టాం, దాన్ని చెత్తలోకి పోనివ్వకండి. చపాతీలు ఒత్తుకోడానికి, తులసికోట ముందు దీపం పెట్టడానికి, కిటికీ గట్టుకి, దేనికో దానికి పనికొస్తుంది, మిషన్ ఇంట్లో ఉండగానే అంచులు రుద్దించేసుకోండి, తర్వాత ఆ చిన్న పనికి పిలిస్తే ఎవరూ రారు.