బ్యాటరీ కొనేముందు ఆ చప్పుడు వినండి

కారు స్టార్ట్ కాకపోతే మన దగ్గర మొదట వినపడే మాట "బ్యాటరీ పోయింది". ఫోన్‌లో చెప్తే మెకానిక్ కూడా బండి చూడకముందే అదే అంటాడు. పోయి ఉండొచ్చు, కాదనను. కానీ నాలుగైదు వేలు పెట్టేముందు ఒకసారి తాళం తిప్పి వినండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటూ మీటర్ లైట్లు మసకబారితే కరెంటు చాలట్లేదని. ఒక్కసారి "టక్" మని ఊరుకుంటే ఇంజన్‌ని తిప్పి లేపే సెల్ఫ్ మోటారో, దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి సోలనాయిడో, వైర్ల కాంటాక్టో. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే మాత్రం బ్యాటరీ జోలికి వెళ్లకండి, పెట్రోలు రాకో స్పార్క్ లేకో, దొంగల్ని ఆపడానికి ఉండే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టకో అయ్యుంటుంది. చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు ఒకట్రెండు సెకన్లు సన్నగా జుయ్‌మంటుంది, అది వినపడుతోందా చూడండి. మీటర్‌లో తాళం గుర్తు మెరుస్తూనే ఉంటే రెండో తాళం తెచ్చి ప్రయత్నించండి. అసలు ఏ చప్పుడూ లేదా? నవ్వకండి గానీ, ఆటోమేటిక్ అయితే గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందో లేదో, బటన్ స్టార్ట్ ఉన్న మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కారో లేదో ముందు చూసుకోండి.

మా తోడల్లుడి కారు సంగతి ఇంకో రకం. సెల్ఫ్ మూలుగుతూ తిరిగేది, కొత్త బ్యాటరీ వేయించినా అదే మూలుగు. ఇక సెల్ఫ్ మోటారు మార్చాలన్నారట. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 11 పైనే నిలబడింది. బ్యాటరీ నీరసంగా ఉంటే అప్పుడు 9.6 కిందకి జారిపోవాలి, అది జరగలేదు. మరి అంత కరెంటు ఎక్కడ ఆగిపోతోంది?

దీనికో పరీక్ష ఉంది, ఎందుకో చాలామంది చేయరు. మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఎర్ర వైరు ఇంజన్ మీద పెయింట్ లేని చోట పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు లోపు చూపిస్తే ఎర్త్, అంటే ఇంజన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే దారి, బాగున్నట్టే. ఇక్కడ రెండు దాటింది! కిందకి వంగి చూస్తే గేర్‌బాక్స్‌కి బిగించిన ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు, దాని మీద పచ్చటి పొడి. సెల్లార్‌లో వానాకాలమంతా నీళ్లు నిలబడే చోట పార్కింగ్ మరి.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పేసి, ఆ బోల్టు తీసి, రెండు వైపులా ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి పైన కాస్త వ్యాజలీన్ రాశాం. నెగటివ్ తిరిగి తగిలించాక తాళం తిప్పగానే స్టార్టయింది. పాత బ్యాటరీ ఏదన్నయ్యా అంటే, కొత్తది కొన్నప్పుడే ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాడట.

బండి స్టార్టయ్యాక మల్టీమీటర్ తీసేయకండి. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద సుమారు 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 12 దగ్గరే ఉండిపోతే ఛార్జింగ్ కావట్లేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బెల్టు నుంచి మొదలుపెట్టి చూపించుకోండి, అది బాగయ్యేదాకా దూరప్రయాణం పెట్టుకోవద్దు.