ఇంటికో మడి, అమ్మకానికో మడి

నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కాను. బైకులు, కూరగాయల బుట్టలు, ఒక గేదె దూడ, వాటి మధ్య నేను. గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగితే కోనసీమే. అక్కడి నుంచి ఆటోలో రాజోలు వైపు, మా అక్కావాళ్ల ఊరు. వానాకాలం వరి, అంటే సార్వా కోతలు ముగిసి, రెండో పంట దాళ్వాకు నారుమళ్లు దున్నుతున్న రోజులు.

బావగారు కాళ్లు కడుక్కోనివ్వకుండానే పెరట్లో డ్రమ్ము దగ్గరకు తీసుకెళ్లారు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. రసాయన ఎరువులకు బదులు చేలో పోసే జీవామృతం. కంపు కొడుతుందని ముందే ముక్కు మూసుకున్నాను. కర్రతో తిప్పితే బుడగలు లేచి, పులిసిన దోసెల పిండి వాసన వచ్చింది. సిగ్గేసింది.

"ఇది ఎంత చేనుకు బావా?"

"అరెకరానికి. మన తిండికి."

మిగతా నాలుగెకరాల మాట అడిగితే వసారాలోని యూరియా బస్తాలు చూపించారు. "అది అమ్మేదిరా."

హైదరాబాదులో నేను కొనేది ఆ అమ్మేదే! అయినా కోపం రాలేదు. 2011లో సాగు గిట్టుబాటు కాక ఈ కోనసీమ రైతులే పంట విరామమని సార్వా వేయకుండా చేలు వదిలేశారు. యూరియా మానేసి దిగుబడి తగ్గితే మొదట మునిగేది వాళ్లే.

మధ్యాహ్నం అక్క దంపుడు బియ్యం అన్నంలో కంద బచ్చలి వడ్డించింది. నాలుగు ముద్దలకే కడుపు నిండింది. తర్వాత మిల్లుకు వెళ్లాం. పాలిష్ గొట్టం కింద చెయ్యి పెడితే వెచ్చటి తౌడు అరచేతిని కప్పేసింది. బీ విటమిన్లూ పీచూ అందులోకే పోతాయి, తెల్లటి గింజ మనకు మిగులుతుంది. తౌడు ఉంచితే దానిలోని నూనె వల్ల బియ్యం త్వరగా ముక్కిపోతుంది, పురుగు పడుతుంది. అందుకే కొట్లవాళ్లు వద్దంటారని మిల్లాయన చెప్పాడు.

ఆ దంపుడు బియ్యం నేను 20 కిలోలు అడిగితే బావగారు నవ్వారు. "ఇరవై కిలోలకు నేను సేద్యం మార్చలేను. మీ అపార్టుమెంటులో ఎంతమంది తీసుకుంటారో ఊడ్పులలోపు చెప్పు, ఇంకో ఎకరం ఇలాగే వేస్తాను."

తిరుగు పంటులో కూర్చుని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో విషయం పెట్టాను. వశిష్ఠ సగం దాటేసరికి మొదటి ప్రశ్న వచ్చింది: "పురుగు పడుతుందా?"

పడుతుందనే రాశాను.