అప్‌డేట్ చేసిన రాత్రి పీక్ పక్కకు జరిగింది

థీసిస్ సబ్మిషన్‌కు ఇంకా మూడు వారాలు ఉందనగా పాత ల్యాప్‌టాప్ మొరాయించింది. కొత్తది కొని, ఆ రాత్రే కూర్చొని ప్రొటీన్ డేటా లెక్కగట్టే సెడ్‌ఫిట్, దాని గ్రాఫులు గీసే గుస్సీ అనే సాఫ్ట్‌వేర్లు రెండింటికీ కొత్త వెర్షన్లు ఎక్కించేశాను. పాత డేటా మొత్తం మళ్ళీ ఎనలైజ్ చేసి, గ్రాఫులు గీసి, పొద్దున్నే హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్డు దగ్గరి జిరాక్స్ సెంటర్లో ప్రింట్ తీయించాను. అక్కడ పనిచేసే తమ్ముడు పాత ప్రింటు మీద కొత్త ప్రింటు పెట్టి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుని, "అక్కా, ఇది ఎడమ పక్కకు జరిగింది చూడు" అన్నాడు. కాగితం సరిగ్గా పెట్టలేదేమో అనుకుని అంచులు కలిపి చూశాను. యాక్సిస్ గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, అంకెలు కూర్చున్నాయి, పీక్, అంటే గ్రాఫ్ గీత ఎత్తుగా లేచే చోటు, మాత్రం కూర్చోలేదు. పాత దాంట్లో 4.66 దగ్గరుంది, కొత్త దాంట్లో 4.3 దగ్గర. అది బీఎస్ఏ, అంటే మేము సరిచూసుకోవడానికి ప్రతిసారీ పెట్టే ప్రొటీన్. అదే జరిగితే నా అసలు ప్రొటీన్ సంగతేంటని కాళ్ళలో వణుకు వచ్చింది.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. రక్త పరీక్షల ల్యాబుల్లో తిరిగే సెంట్రిఫ్యూజ్‌కు ఇది పెద్దక్క లాంటిది, పేరు ఎనలిటికల్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్. నిమిషానికి 50,000 చుట్లు తిప్పితే మధ్య నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ప్రొటీన్ మీద భూమి ఆకర్షణకు దాదాపు 2 లక్షల రెట్ల బలం పడుతుంది. చెరువు నీళ్ళలో ఒండ్రు దిగినట్టు ప్రొటీన్ మెల్లగా అడుగుకు దిగుతుంటే, తిరుగుతుండగానే మెషీన్ కాంతితో దాన్ని స్కాన్ చేస్తూ పోతుంది. ఎంత వేగంగా దిగిందన్నదాన్ని స్వెడ్‌బర్గ్ అనే యూనిట్లలో చెప్తాం. ఈ మెషీన్ తయారుచేసిన స్వీడన్ శాస్త్రవేత్త థియోడర్ స్వెడ్‌బర్గ్‌కు 1926లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మనం ఇంటర్ పుస్తకంలో చదువుకున్న 70ఎస్ రైబోజోమ్‌లోని ఎస్ ఆయన పేరే. స్కాన్ల నుంచి ఆ విలువలు లెక్కగట్టేది సెడ్‌ఫిట్, పీటర్ షక్ రాసింది. ఆ ఫలితాన్ని రీసెర్చ్ పేపర్లో పెట్టుకునేలా గీసిచ్చేది గుస్సీ, డల్లాస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్‌లో చాడ్ బ్రాటిగమ్ రాసింది. స్కాన్లు, వాటికి సరిపెట్టిన లెక్క గీత (ఫిట్), కింద ఆ రెండింటికీ మిగిలిన తేడాలు (రెసిడ్యువల్స్), అన్నీ ఒకే బొమ్మలో అంత శుభ్రంగా వస్తాయి కాబట్టే మా లాంటి వాళ్ళం దాన్ని వదలం.

ఇప్పుడు నేను చేసిన తప్పు. లెక్కగట్టే సాఫ్ట్‌వేర్, గీసే సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే రాత్రి మార్చాను. పైగా డేటా కూడా పాత ఫోల్డర్ నుంచి తీసుకోలేదు. మాకు ఆ మెషీన్ లేదు, శాంపిల్స్ వేరే ఊరికి పంపి రన్ చేయించుకుంటాం. అప్పట్లో స్కాన్ ఫైళ్ళు మెయిల్‌లో విడివిడిగా వచ్చాయి, ఈసారి అడిగితే ఒరిజినల్ ఫోల్డర్‌నే జిప్ చేసి ఇచ్చారు, అదే వాడేశాను. అంటే మూడు మార్పులు ఒకేసారి. పీక్ జరిగింది, కానీ ఎవరు జరిపారో చెప్పలేను.

మొదట గుస్సీనే అనుమానించాను, కంటికి కనిపించేది గ్రాఫే కదా. సీనియర్ అన్న సిస్టంలో పాత వెర్షన్లు ఇంకా ఉన్నాయి. కొత్త సెడ్‌ఫిట్ ఫలితాన్ని పాత గుస్సీలో గీస్తే 4.3, పాత ఫలితాన్ని కొత్త గుస్సీలో గీస్తే 4.66. గీసే దాంట్లో ఏ దోషం లేదని తేలిపోయింది. మిగిలింది లెక్క, డేటా.

అప్పుడు స్కాన్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పైన హెడర్‌లో రన్ మొదలై ఎన్ని సెకన్లయిందో ఉంటుంది. మొదటి స్కాన్‌కూ చివరి స్కాన్‌కూ మధ్య తేడా 18,000 సెకన్లు, సరిగ్గా 5 గంటలు. అదే ఫైళ్ళు సేవ్ అయిన టైమ్ విండోస్‌లో చూస్తే తేడా 5 గంటల 25 నిమిషాలు. హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సు మూడు గంటల ఇరవై నిమిషాలు తీసుకుంటే, మన గడియారం మూడు గంటలే చూపించిందనుకోండి, బస్సు నిజంగా పోయినదానికంటే జోరుగా పోయినట్టు లెక్క వస్తుంది. నా ప్రొటీన్‌కు అదే జరిగింది. స్కాన్ ఫైళ్ళలో టైమ్ ఇలా తప్పు పడే అవకాశం ఉందని 2013లోనే పేపర్ వచ్చింది, షక్, బ్రాటిగమ్ ఇద్దరూ అందులో ఉన్నారు. సెడ్‌ఫిట్ కొత్త వెర్షన్ ఫైల్ సేవ్ అయిన టైమ్‌తో పోల్చి దాన్ని సరిచేస్తుంది. మెయిల్‌లో ఒక్కొక్కటిగా దించుకున్న నా పాత ఫైళ్ళకు అన్నిటికీ దించుకున్న సాయంత్రం టైమే పడి ఉంది, పోల్చడానికి అసలు టైమే మిగల్లేదు.

ఇది నా ఒక్కదాని బాధ కాదని తర్వాత తెలిసింది. 2015లో 67 ల్యాబులు కలిసి ఒకే రకం బీఎస్ఏను రన్ చేస్తే విలువలు 3.655 నుంచి 4.949 దాకా వచ్చాయి. టైమ్, టెంపరేచర్, రేడియస్ లాంటివన్నీ సరిచేశాక సగటు 4.325, తేడా చాలా తగ్గిపోయింది. నా 4.3 ఎక్కడుందో చూసుకుని ఆ రాత్రి నిద్రపోయాను.

థీసిస్‌లో టేబుళ్ళన్నీ మార్చాను. నా ప్రొటీన్ రెండు పీకులూ అదే నిష్పత్తిలో తగ్గాయి కాబట్టి అది డైమర్, అంటే రెండు అణువులు జతకట్టి ఉండే ప్రొటీన్, అన్న మాట నిలబడింది, అంకెలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. గైడ్ సార్ ఒక్క మాట అనలేదు, కొత్త ఫిగర్ కింద సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ రాయమన్నారు, అంతే.

మీరు అప్‌డేట్ చేసే ముందు పాత ఇన్‌స్టాలర్ దాచుకోండి. ముందు ఒక్కటే మార్చండి, బీఎస్ఏ గ్రాఫ్ మళ్ళీ గీయండి, పాత ప్రింటు మీద పెట్టి వెలుతురుకు పట్టి చూడండి, సరిపోయాకే రెండోది ముట్టుకోండి. బొమ్మకు పెట్టిన అక్షరాల సైజు, గీత మందం ఎక్కడైనా రాసుకోండి, నేను రాసుకోక ఒక పూటంతా వాటికే పోయింది. డేటా ఎవరి దగ్గర రన్ చేయించినా ఫైళ్ళు విడిగా పంపొద్దని, ఫోల్డర్ మొత్తం జిప్ చేసి ఇవ్వమని ముందే అడగండి. మా జూనియర్ చెల్లె వచ్చే వారం తన శాంపిల్స్ పంపుతోంది, ఆ మెయిల్‌లో మొదటి లైనే అది రాయించాను.