గుంటూరు మిర్చి కంపెనీ డొమైన్‌కి డీమార్క్ పెట్టడం: నా అనుభవం

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టాను. డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్, మెయిల్‌కి పెట్టే డిజిటల్ సంతకం డీకిమ్, ఈ రెండిటినీ ఫ్రమ్ అడ్రస్‌తో పోల్చి, కుదరని మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. కంపెనీ అడ్రస్‌తోనే "మా బ్యాంకు ఖాతా మారింది" అని బయటి కొనుగోలుదారుకి ఎవరైనా మెయిల్ కొట్టొచ్చన్నది వాళ్ల భయం. అది నిజమైన భయమే. ఫ్రమ్ అడ్రస్‌ని సరిచూసే ఏర్పాటు మెయిల్ మోసుకెళ్లే పద్ధతి ఎస్‌ఎంటీపీకి పుట్టుకతో లేదు.

ముందుగా ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపేవన్నీ రాసుకున్నాను: గూగుల్ వర్క్‌స్పేస్, వెబ్‌సైట్ ఎంక్వైరీ ఫారం, ఇన్‌వాయిస్‌లు పంపే బిల్లింగ్ సర్వీసు.

ఎస్‌పీఎఫ్ తొందరగా తేలింది. డొమైన్ వివరాలుండే డీఎన్‌ఎస్‌లో దానికి ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. అక్కడ పాత హోస్టింగ్‌ది ఒకటి, గూగుల్‌ది ఒకటి ఉన్నాయి. రెండుంటే పర్మ్‌ఎర్రర్ (ఎస్‌పీఎఫ్ చెల్లదనే లోపం) వస్తుంది, కలిపి ఒకటి చేశాను. ఎస్‌పీఎఫ్‌ని సరిచూడ్డానికి డీఎన్‌ఎస్‌లో వెతికే లుకప్‌లు 10 దాటకూడదు, ఇన్‌క్లూడ్‌ల (వేరే సర్వీసు జాబితాని కలిపే మాటల) లోపలి ఇన్‌క్లూడ్‌లూ లెక్కే.

అసలు పని డీకిమ్ దగ్గరుంది. వర్క్‌స్పేస్‌లో మనమేమీ చేయకపోయినా డీకిమ్ పాస్ అనే కనిపిస్తుంది, కానీ ఆ సంతకం గూగుల్ డొమైన్‌ది. సంతకం చేసిన డొమైన్, ఫ్రమ్‌లో కనిపించే డొమైన్ ఒకటేనా అని డీమార్క్ చూస్తుంది. అందుకని అడ్మిన్ కన్సోల్‌లో 2048 బిట్ల కీ తయారుచేసి, డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డుగా పెట్టి, తిరిగొచ్చి "స్టార్ట్ ఆథెంటికేషన్" నొక్కాలి. ఒక టీఎక్స్‌టీ స్ట్రింగ్‌లో 255 అక్షరాలే పడతాయి, ఈ కీ అంతకంటే పొడవు. డీఎన్‌ఎస్ ప్యానెల్ తనంతట తాను విడగొట్టకపోతే రెండు ముక్కలుగా కొటేషన్లలో ఇవ్వాలి. హోస్ట్ గడిలో డొమైన్ పేరు కూడా టైప్ చేస్తే చాలా ప్యానెళ్లు దాన్ని మళ్లీ తగిలిస్తాయి, రికార్డు ఎవరికీ దొరకదు.

డీమార్క్‌ని పీ=నన్‌తో (ఫెయిలైనా ఆపొద్దు అని) మొదలుపెట్టి, రిపోర్టులకి విడిగా ఒక మెయిల్‌బాక్స్ ఇచ్చాను. బిల్లింగ్ సర్వీసు సంగతి ఆ ఎక్స్‌ఎంఎల్ రిపోర్టుల్లోనే బయటపడింది: ఎస్‌పీఎఫ్ పాస్, డీమార్క్ ఫెయిల్. ఎస్‌పీఎఫ్ చూసే రిటర్న్‌పాత్ (చేరని మెయిల్ తిరిగొచ్చే అడ్రస్) వాళ్ల డొమైన్‌తో వెళ్తోంది మరి. వాళ్ల సెట్టింగుల్లో మన డొమైన్‌తో డీకిమ్ సంతకం పెట్టించాక కుదిరింది. నెలాఖరు బిల్లులన్నీ ఒకసారి వెళ్లి, రిపోర్టులు శుభ్రంగా వచ్చేదాకా క్వారంటైన్‌కి (స్పామ్‌లో పడేయమనడానికి) మారకూడదు, ఆ తర్వాతే రిజెక్ట్ (అసలు తీసుకోవద్దనడం). తొందరపడితే సొంత ఇన్‌వాయిస్‌లే ఆగిపోతాయి. కొనుగోలుదారు మెయిల్‌ని ఫార్వర్డ్ పెట్టుకుంటే ఎస్‌పీఎఫ్ విరుగుతుంది, మెయిల్‌లో మార్పు జరగనంత వరకూ డీకిమ్ నిలుస్తుంది.

ఒక్క అక్షరం తేడాతో కొన్న డొమైన్‌ని ఇవేవీ ఆపలేవు. ఖాతా మార్పు అంటూ మెయిల్ వస్తే పాత నంబరుకి ఫోన్ చేసి అడగమని కొనుగోలుదారులకి ముందే చెప్పించాను. కంపెనీ కొని వాడకుండా ఉంచిన ఇంకో డొమైన్‌కి మాత్రం నిరీక్షణ అక్కర్లేదు. దాన్నుంచి మెయిలే వెళ్లదు కాబట్టి ఎస్‌పీఎఫ్‌లో మైనస్ ఆల్ (ఏ సర్వరూ పంపకూడదని), డీమార్క్‌లో రిజెక్ట్ అదే రోజు పెట్టేశాను.