నాలుగే పాటలన్నారు, మిగతా టైమంతా వీధిలో దొరికింది

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వచ్చిన మొదటి ఏడాది నాకు తోడు కారులో రేడియోనే. 90.7 ఎఫ్ఎం, డబ్ల్యూడబ్ల్యూఓజెడ్. 1980 డిసెంబర్‌లో మొదలైన ఈ స్టేషన్‌లో పాటలు వేసేవాళ్లు వాలంటీర్లే. తొలి రోజుల్లో స్టేషన్ టిపిటీనాస్ అనే క్లబ్బు పై అంతస్తులో ఉండేదట. కింద కచేరీ జరుగుతుంటే నేలకున్న కన్నంలోంచి మైకు వేలాడదీసి లైవ్ ఇచ్చేవాళ్లట. ఆ సంగతి విన్న రోజే నాకూ ఒక స్లాట్ కావాలన్న కోరిక పుట్టింది.

అంత పెద్ద స్టేషన్‌లో కాదు. మా వైపు వంద వాట్ల చిన్న కమ్యూనిటీ స్టేషన్ ఒకటుంది. సిగ్నల్ ఐదారు కిలోమీటర్లు పోతుంది, అది దాటితే ఆన్‌లైన్‌లో వినాల్సిందే. జనవరిలో ఓరియంటేషన్‌కి వెళ్లాను. వెంటనే మైకు ఇవ్వలేదు. కొన్ని వారాలు సీడీలు సర్దాను, ఫోన్లు ఎత్తాను. తర్వాత మిక్సర్ మీద ట్రైనింగ్, దాంతోపాటు రూల్స్. స్పాన్సర్ పేరు చెప్పొచ్చు గానీ ధర చెప్పకూడదు, ‘రండి, కొనండి’ అనకూడదు. గంట మారే చోట స్టేషన్ కాల్ సైన్, అంటే స్టేషన్‌ని గుర్తుపట్టే అక్షరాలు, దాని వెంటే ఊరి పేరు చెప్పాలి. ‘ఆకాశవాణి, విజయవాడ కేంద్రం’ వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఇది మాత్రం నాకు మొదటి రోజే నోటికొచ్చేసింది.

అసలు చిక్కు ప్రోగ్రాం దగ్గర వచ్చింది. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టినరోజుకి రెండు గంటలు అడిగాను. తాను 1900 జులై 4న పుట్టానని ఆయన చెప్పుకునేవారు. ఆయన పోయాక బయటపడ్డ చర్చి బాప్తిజం రికార్డులో మాత్రం 1901 ఆగస్టు 4 అని ఉంది. ఆగస్టు 4కి ఇరవై రెండు పాటల లిస్టు రాసి, ట్రైనింగ్ ఇచ్చే ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పెన్ను తీసి నాలుగు పాటల కింద గీత గీసి, మిగతావన్నీ కొట్టేసింది.

మా స్టేషన్ ఆన్‌లైన్‌లో కూడా వస్తుంది కదా. అలా వచ్చే స్టేషన్లు ఆన్‌లైన్‌లో పాటలు వేయడానికి వాడే లైసెన్సు కింద మూడు గంటల వ్యవధిలో ఒకే కళాకారుడివి నాలుగు పాటలకు మించి వేయకూడదు. వాటిలోనూ వరసగా మూడే. ఒక్క ఆల్బమ్ నుంచైతే మొత్తం మూడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 1922లో షికాగో పిలిపించుకున్న కింగ్ ఆలివర్, ఇదే ఊళ్లో పుట్టిన సిడ్నీ బెషే, మహాలియా జాక్సన్, వీళ్లవి చేర్చుకున్నా ఇంకా బోలెడంత టైం మిగిలింది. "మిగిలిన టైం ఈ ఊరివాళ్లకివ్వు. వెళ్లి వాళ్ల మాటలు పట్టుకురా" అంది ఆవిడ.

స్టేషన్ రికార్డర్ పట్టుకుని ఒక ఆదివారం ట్రెమే అనే పేటలో సెకండ్ లైన్ అనే వీధి ఊరేగింపుకి వెళ్లాను. ముందు ఊరేగింపు జరిపే క్లబ్బు వాళ్లు, బ్యాండు నడుస్తారు. అది మెయిన్ లైన్. వెనక ఆడుతూ పాడుతూ వచ్చే జనమే సెకండ్ లైన్. నేను ఉత్సాహం కొద్దీ సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి బాకా పక్కనే నడిచాను. ఇంటికొచ్చి వింటే నలభై నిమిషాల రికార్డింగ్‌లో ఒక్క ముక్క పనికిరాలేదు. లెవెల్ మీటర్ ఎర్ర గీత దగ్గరే ఉండిపోయింది, శబ్దమంతా పగిలిపోయింది. తర్వాతి వారం గెయిన్, అంటే రికార్డర్ శబ్దాన్ని పెంచి తీసుకునే మోతాదు, బాగా తగ్గించి, మైకుకి స్పాంజి తొడుగు వేసి, బ్యాండుకి ఇరవై అడుగుల దూరంలో నడిచాను. ఈసారి ట్రంపెట్‌తో పాటు చెప్పుల చప్పుడు, పిల్లల కేకలు, ఇంటి మెట్ల మీద కూర్చుని పేరు పెట్టి పలకరించే ముసలమ్మ గొంతు, అన్నీ విడివిడిగా పడ్డాయి. జాజ్‌ని నేను మొదటిసారి విన్నది అప్పుడే అనిపిస్తుంది.

అక్కడే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ముప్పై ఏళ్లు బేస్ డ్రమ్ము వాయించి మానేశారట. ఈ ఊళ్లో పెద్దవాళ్లు ఎవర్నైనా ‘బేబీ’ అనే పిలుస్తారు, నన్నూ అలాగే పిలిచారు. వాళ్ల వరండాలో రెండు గంటలు కూర్చున్నాను. లోపల ఫ్రిజ్ హోరు మైకులో పడుతోందంటే ఆయనే లేచి వెళ్లి ప్లగ్ పీకేసి వచ్చారు. అంత్యక్రియల సంగతి చెప్పారు. శవపేటికతో వెళ్లేటప్పుడు స్నేర్ డ్రమ్ము కింది తీగల దగ్గర చేతి రుమాలు దోపుతారట, మోత మొద్దుబారడానికి. మనిషిని సాగనంపాక రుమాలు తీసేస్తారు. అప్పుడు డ్రమ్ము ఖణేల్‌మంటుంది, జనం ఆడతారు.

మా ఊళ్లో కూడా చావుకి డప్పులుంటాయని చెప్పాను. మంట దగ్గర కాచి చర్మం బిగిస్తారనేసరికి ఆయన కళ్లు పెద్దవి చేసి, "ఏదీ, వాయించు బేబీ" అన్నారు. నాకు వాయించడం రాదు. చిన్నప్పుడు వీధి అరుగు మీద నిలబడి విన్న దెబ్బను కుర్చీ చేతి మీద వేళ్లతో కొట్టాను. ఆయన కాసేపు విని, తొడ మీద చేత్తో తన దెబ్బ కలిపారు. ఒక అర నిమిషం అలా సాగింది. ఎవ్వరం మాట్లాడలేదు.

తన మాటలు రేడియోలో వేసుకోవచ్చని ఆయన రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టారు. రెండు గంటల మాటల్ని తొమ్మిది నిమిషాలకు తేవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నా ప్రశ్నలన్నీ తీసేశాను, ఆ దెబ్బలు కూడా. ట్రైనింగ్ ఇచ్చే ఆవిడ పాత ఫైల్, కొత్త ఫైల్ రెండూ విని, "ప్రశ్నలు పోతే పోయాయి. ఆ కుర్చీ చప్పుడు మళ్లీ పెట్టు" అంది. పెట్టాను.

ఆగస్టు 4 సాయంత్రం చేతులు చల్లబడిపోయాయి, అంత టెన్షన్. మొదటి ఆర్మ్‌స్ట్రాంగ్ పాట అయ్యాక స్టేషన్ పేరు, ఊరి పేరు చెప్పి, పెద్దాయన ఫైల్ మొదలుపెట్టి నా మైకు ఫేడర్ కిందికి లాగేశాను. చివర ఆ రెండు చేతుల దెబ్బలు ఆగాక వెంటనే పాట వేయలేదు. నాలుగు సెకన్లు అలా వదిలేశాను. అప్పటికే ఫోన్ లైటు వెలుగుతోంది. ఎత్తితే ఎవరో ఆవిడ.

"ఇప్పుడు మాట్లాడినాయన మా వీధే. ఇంకోసారి ఎప్పుడేస్తావు? మా అమ్మని లేపి కూర్చోబెడతాను."

గంటన్నర తర్వాత వేస్తానని చెప్పి, రెండో పాట వేశాను.