పంట కాలువ కాని కేబుల్

రాజోలు దగ్గర మా ఊరికి గోదావరి నీరు వైనతేయ మీదుగా గన్నవరం అక్విడక్టు దాటి వస్తుంది. కాలువ బోదెలుగా, బోదెలు పిల్ల బోదెలుగా చీలుతూ పొలాలకు చేరడం చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, ఖతర్‌లో ఒక పంపుహౌస్‌లో మోటార్ల వేగాన్ని మార్చే 12 డ్రైవ్‌లను, వాటికి ఆదేశాలిచ్చే పీఎల్‌సీ అనే కంట్రోలు కంప్యూటరుకు కలిపే పని మొదటిసారి చేతికి వచ్చినప్పుడు, కంట్రోలు ప్యానెల్ నుంచి డేటా కేబుల్‌ను మూడు పాయలుగా చీల్చి వేశాను.

మోటార్లు ఆగి ఉన్నంతసేపూ డ్రైవ్‌లన్నీ చక్కగా పలికేవి. పంపులు 50 హెర్ట్జ్‌కు చేరేసరికి నాలుగైదు డ్రైవ్‌లు జవాబివ్వడం మానేసి, టైమౌట్‌తో ట్రిప్ అయ్యేవి. అవి మాట్లాడుకునే మోడ్‌బస్ భాషలోని అడ్రసులు, బాడ్ రేటు (డేటా వేగం), పారిటీ (తప్పులు పట్టే గుర్తు) రెండు రోజులు సరిచూసినా తప్పు దొరకలేదు.

మా సీనియర్‌ది పాలకొల్లు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన కరెంటు తీయించి రెండు డేటా తీగల మధ్య మీటరు పెడితే 40 ఓములు చూపించింది.

"ఎన్ని చోట్ల రెసిస్టర్ స్విచ్ వేశావు?"

"మూడు పాయల చివరలా వేశానండి బాబాయ్."

"ఇది పంట కాలువ కాదబ్బాయ్, చీలికలు పనికిరావు."

ఆర్‌ఎస్-485 పద్ధతిలో నడిచే ఈ డేటా తీగ ఒక డ్రైవ్ నుంచి మరో డ్రైవ్‌కు వరుసగా సాగాలి. స్విచ్ వేస్తే రెండు డేటా తీగల మధ్య 120 ఓముల రెసిస్టర్ కలుస్తుంది; అది రెండు కొసల్లో మాత్రమే ఉంటే మీటరు 60 చూపుతుంది. మూసిన లాకు తలుపును తాకిన అల వెనక్కి మళ్ళినట్టే, కొసకు చేరిన సిగ్నల్ మళ్ళీ తీగలోకి రాకుండా ఆ రెసిస్టర్ దాన్ని మింగేయాలి. పైగా డ్రైవ్ సెకనుకు కొన్ని వేలసార్లు వోల్టేజీని తెగ్గొడుతుంది కనుక, మోటారు కేబుల్‌కు ఆనించి నేను లాగిన తీగ ఆ రొదనంతా పట్టుకుంది.

కేబుల్‌ను మోటారు తీగలకు దూరంగా ఒకే వరుసలో మళ్ళీ వేయడానికి ఒక పగలంతా పట్టింది. సంబంధం తెగితే డ్రైవ్ ఆగాలా, చివరి వేగంతోనే తిరగాలా అన్న సెట్టింగ్‌ను ఆ తరువాతే శ్రద్ధగా చూశాను. యంత్రాలను చల్లబరిచే నీటి పంపుకు చివరి వేగమే మేలని, మనుషులు పక్కన నిలబడే కన్వేయర్‌కు ఆగడమే మేలని నా అభిప్రాయం.

మొన్న మా బావమరిది భీమవరం దగ్గర రొయ్యల చెరువుల పంపులకు మూడు డ్రైవ్‌లు, ఒక కంట్రోలర్ పెట్టించి ఫోన్ చేశాడు.

"మీటరు 30 చూపిస్తోంది బావా."

"నాలుగు స్విచ్చులూ ఆన్‌లో ఉన్నాయిరా, మధ్య రెండు డ్రైవ్‌లవీ ఆపెయ్."