ఎవరైనా అడిగితే ఏం చెప్తాం?

బైబిల్లో పునీత పేతురు మొదటి లేఖ 3వ అధ్యాయం, 15, 16 వచనాలు. మీలో ఉన్న నిరీక్షణ, అంటే దేవుని మీది ఆశ, గురించి ఎవరు అడిగినా జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండండి అంటాడు. ఆ వెంటనే, సౌమ్యంగా, ఎదుటివారిని గౌరవిస్తూ చెప్పండి అని కూడా అంటాడు. ఈ మాట అంటున్నది గెత్సెమనే తోటలో కత్తి దూసి ప్రధానార్చకుని సేవకుడి చెవి నరికిన మనిషి! కత్తి ఒరలో పెట్టమని ప్రభువు నోట విన్నవాడు కాబట్టే అంత గట్టిగా చెప్పగలిగాడనిపిస్తుంది నాకు.

ఆ ఉత్తరం వెళ్లింది పొంతు, గలతీయ, కప్పదొకియ లాంటి ప్రాంతాల్లో చెదిరి బతుకుతున్న విశ్వాసులకు. ఇరుగుపొరుగువాళ్ల ఆచారాలు వేరు, వీళ్లవి వేరు. కాజీపేట, హన్మకొండ, జనగామ వైపు మన క్యాథలిక్ కుటుంబాలు చాలావరకు అలాగే ఉంటున్నాయి. అందుకే మనల్ని అడుగుతారు.

ఈస్టర్ ముందు ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం పొద్దున గుళ్లో పూజ అయ్యాక నుదుట బూడిదతోనే కూరగాయలకు వెళ్తే, "ఏంది చెల్లె, మీరు గూడ విభూతి పెట్టుకుంటరా?" అని అడుగుతారు. అందులో వెటకారం ఏమీ ఉండదు. వేములవాడ, కొమురవెల్లి పోయొచ్చిన వాళ్లను చూస్తూ పెరిగిన ఊళ్లు మనవి. అప్పుడు పశ్చాత్తాపం, పరివర్తన అంటూ ఉపన్యాసం ఎత్తుకుంటే ఆమె వంకాయలు తూచుకుంటూ "ఊఁ" అంటుంది, అంతే. "పోయినేడు మట్టల ఆదివారం నాడు పట్టుకున్న మట్టలు కాల్చిన బూడిద అక్కా. మట్టిల నుంచి వచ్చినం, మట్టిలనే కలుస్తం, బతికినన్ని దినాలు దేవుని దిక్కు తిరిగి బతకాలె అని ఫాదర్ పెడ్తడు. ఈస్టర్ దాకా మాకు ఒక్కపొద్దులు, ప్రార్థన, లేనోళ్లకు ఇంత పెట్టుడు" అంటే చాలు. ఒక్కపొద్దు అంటే ఏమిటో ఆమెకు మనం చెప్పక్కర్లేదు.

ఎక్కువమంది అడిగేది మరియమాత గురించే. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి, అంటే బిషప్ గారి పరిధికి, ప్రధాన గుడి అయిన కథడ్రల్ కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది. అక్కడ కొవ్వొత్తి వెలిగించేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. "మరియమ్మ మీ దేవతనా?" అంటారు. కాదు, దేవుడు ఒక్కడే, ఆమె యేసయ్య తల్లి అని ముందే స్పష్టంగా చెప్పాలి. తర్వాత బైబిల్లోని కానా ఊరి పెళ్లి కథ చెప్తాను. మన దగ్గర పెళ్లిలో ఆఖరి బంతికి కూర అయిపోతే ఆడపిల్ల తండ్రికి ఎంత టెన్షనో, అక్కడ ద్రాక్షరసం అయిపోతే అంత. అది ముందు కనిపెట్టింది ఆ తల్లి. కొడుకుతో "వాళ్లకు ద్రాక్షరసం లేదు" అంది, పనివాళ్లతో "ఆయన చెప్పింది చేయండి" అంది. మిగిలింది 6 రాతి బానల నిండా నీళ్లు పోయించి, వాటిని ద్రాక్షరసంగా మార్చి ప్రభువు చేసిన పని. ఆమెను మేం అడిగేదీ మా సంగతి ఆయనకు చెప్పమనే.

ఫాతిమాలోనూ అంతే. 1917 మే 13న పోర్చుగల్‌లో ఆమె కనిపించింది లూసియా, ఫ్రాన్సిస్కో, జసింత అనే ముగ్గురు పిల్లలకు. గొర్రెలు కాసుకునే పసివాళ్లు, చదువు రాదు. రోజూ జపమాల చెప్పండి అంది. వాళ్లకు ఆ మాట అర్థమైంది, చేశారు.

పూజలో మేం తీసుకునే అప్పం, దివ్యసత్ప్రసాదం గురించి అడిగితే మాత్రం నాలుగు ముక్కల్లో తేలదు. అది వట్టి గుర్తు కాదు, యేసుప్రభువే అని నమ్ముతాం, అందుకే మోకరిస్తాం అంటాను. ఇంకా అడిగితే ఆదివారం పూజకు రమ్మంటాను. వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూసి వెళ్లినా నాకు సంతోషమే.

కొందరు ఏమీ అడగరు. "మా అవ్వకు పానం బాగలేదు, మీ గుడిల మొక్కు చెల్లె" అంటారు. అప్పుడు అవ్వ పేరు అడిగి రాసుకోవాలి. పూజలో విశ్వాసుల ప్రార్థన దగ్గర ఆ పేరు చదివించి, సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అవ్వను చూసి రావాలి.